రెండు వరసల కన్నాలు

కొరింథులో తోలు గుడారాలు కుట్టే త్రిఫోనుది ఒకటే పట్టు. దేవుడి మాట చెప్పినందుకు ఎవరింటి ముద్దా ముట్టడు. ఊరూరా తిరిగి సువార్త చెప్పినన్నాళ్లూ తోలు కుట్టుకునే తిన్నాడు. ఉన్నవాళ్లు భోజనానికి పిలిస్తే మొహం మీదే వద్దనేవాడు. వాళ్లకు తల కొట్టేసినట్టయ్యేది. "నన్ను పోషించేది ఈ చేతులే" అంటూ సంతలో చేతులు పైకెత్తి మరీ చూపించేవాడు. అందులో కాస్త గర్వం ఉందని ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

ఈమధ్య చూపు మసకబారింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కొట్టు యజమాని లికోను పనిలోంచి తీసేస్తాడు, ఆపైన ఒకరి ముందు చెయ్యి చాపాలి. ఆ భయంతోనే రోజూ తోలుకు కన్నాలు పొడిచే ఆరె పట్టేవాడు. అయినా లికోను ఏ కుట్టుకూ వంక పెట్టలేదు. దేవుడే తన చెయ్యి పట్టి కుట్టిస్తున్నాడనుకున్నాడు పెద్దాయన.

పక్క పీట మీద కుట్టే మెలిత్తా మొగుడు పోయిన మనిషి. బాప్తిస్మమైతే తీసుకుంది గానీ, మధ్యాహ్నం పని ఆపే వేళ ఆయన సంతలో బోధిస్తుంటే ఒక్కనాడూ రాలేదు.

"ఇవాళైనా వస్తావా, ఇక్కడే కునుకు తీస్తావా?"

"పొద్దుట్నించీ వింటూనే ఉన్నాగా తాతా. చెవులకి కాస్త తెరిపియ్యి."

"నోటికేం తక్కువ లేదు. విశ్వాసానికే తక్కువ."

మెలిత్తా నవ్వింది.

ఆ రోజు వాన రావడంతో సంత చెదిరిపోయింది. త్రిఫోను తడుస్తూ తిరిగొచ్చేసరికి, పొద్దున తాను కుట్టిన గుడారం ఆమె ఒళ్లో ఉంది. ఆమె గబుక్కున పక్కకు తోసింది. ఆయన లాక్కుని కుట్టు వెంట వేళ్లతో తడిమాడు. తోలుకు ఒకసారి పడ్డ కన్నం పూడదు. వంకరటింకరగా తను పొడిచిన వరస, దారం విప్పేసి ఖాళీగా. దాని పక్కనే తిన్నగా ఇంకో వరస, గట్టి దారంతో.

"ఎన్నాళ్లబట్టి?"

"చలికాలం నించి. లికోనుతో అనకు, నన్నూ గెంటేస్తాడు."

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే ఊరుకునేవాడివా? ఒకరి కష్టం తిననని మర్నాడే సంచి సర్దేవాడివి."

త్రిఫోనుకు సిగ్గేసింది. తను సంతలో చేతులు చూపిస్తున్నంతసేపూ, ఇక్కడ ఈమె తిండి మానుకుని కుట్టింది. అలాంటి మనిషినే విశ్వాసం తక్కువదని దెప్పాడు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మెలిత్తా మూట విప్పి తన రొట్టె సగానికి తుంచింది.

"తిను తాతా. నీకిదేం కొత్త కాదుగా."

ఆయన చెయ్యి చాపాడు. మసకలో రొట్టె ఎక్కడుందో దొరకలేదు. ఆమే అరచేతిలో పెట్టింది.