మా ట్రైలర్‌కి టైర్లు మార్చిన శనివారం

మా ట్రైలర్ టైర్లు ముసలివని కనిపెట్టింది మా ఆవిడే. ట్రైలర్ అంటే పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు. ఒక మంచం, ఒక పొయ్యి, మనిషి పక్కకు తిరిగితే మోచెయ్యి గోడకు తగిలే బాత్రూమ్. పెన్సిల్వేనియాలో ఒక పెద్దాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. తెచ్చిన వారమే మా ఊరు ప్లెయిన్స్‌బరోలోని స్నేహితులందరినీ పిలిచి చూపించాను. టైరు మీద అరచెయ్యి వేసి, "చూడండి, గాడులు కూడా అరగలేదు, కొత్తవే," అని గొప్పలు పోయాను. అందరూ తలలూపారు. టైర్ల గురించి వాళ్ళకు తెలిసిందీ నాకు తెలిసినంతే.

మా ఆవిడ మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తుంది. ఇండియన్ స్టోర్‌లో ఇంగువ డబ్బా కొన్నా తిప్పి తేదీ చూడందే బుట్టలో వేయదు. స్నేహితులు వెళ్ళాక టైరు పక్కన గొంతుక్కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, రబ్బరు మీద అచ్చుపడి ఉన్న నాలుగు అంకెలు చదివింది. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం అట.

"ఏమండీ, వీటికి తొమ్మిదేళ్ళు."

"అయితే ఏంటి? అరగలేదుగా."

"వాడకుండా దాచిపెడితే టాబ్లెట్లు ఎక్స్‌పైర్ అవవా? ఎండలో నిలబడి నిలబడి రబ్బరు ఎండిపోతుంది. ఆ బరువు లాగేటప్పుడు పేలిపోతుంది. ఇవి మార్చేదాకా నేను ఎక్కను."

ఊరికే అన్న మాట కాదది. చిన్నప్పుడు పెళ్ళికి వెళుతుంటే సూర్యాపేట దాటాక వాళ్ళ కారు టైరు పేలి, కారు పొలంలోకి దొర్లింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఈనాటికీ హైవే ఎక్కగానే ఆవిడ కిటికీ పైనున్న పిడి పట్టుకుంటుంది, దిగేదాకా వదలదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ చేశాను కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

"మార్చేస్తాలే," అన్నాను.

ఇక ఎంచుకోవడం మొదలుపెట్టాను. పాతికేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి, ఎక్సెల్ షీటు తెరవకుండా కొత్తిమీర కట్ట కూడా కొనలేను. కారు టైర్లు ట్రైలర్‌కి పనికిరావనీ, ట్రైలర్ టైర్ల పక్కలు గట్టిగా ఉంటాయనీ, ఎంత బరువు మోస్తాయో వాటి మీదే రాసి ఉంటుందనీ తెలుసుకున్నాను. షీటు పద్నాలుగు కాలమ్‌లకు పెరిగింది. రివ్యూలు చదివాను. ఒక టైరును ఒకడు దేవుడన్నాడు, అదే టైరు మీద ఇంకొకడు కోర్టుకి పోతానన్నాడు. ఈలోగా జూన్ గడిచిపోయింది.

వారమంతా ఇద్దరికీ ఆఫీసు, ఆదివారం షాపు మూత. మిగిలింది శనివారం. మా ఇంట్లో శనివారం ఇనుము కొనరు. అది మా అమ్మ పెట్టిన నియమం.

"టైరు రబ్బరు కదండీ," అంది మా ఆవిడ.

"లోపల స్టీల్ తీగలుంటాయి. షీట్‌లో ఆరో కాలమ్ చూడు."

"మన రెండు కార్లూ శనివారమే కదా కొన్నాం! అప్పుడు అత్తయ్యగారి మాట గుర్తు రాలేదా?"

అసలు సంగతి శనివారమూ కాదు, ఇనుమూ కాదు. కొత్తవని పదిమంది ముందు చెప్పిన టైర్లను తీసిపారేయాలంటే నాకు తల కొట్టేసినట్టుంది. అంతే. దానికి పాపం మా అమ్మను అడ్డం పెట్టుకున్నాను.

ఆగస్టులో ఒక సరస్సు పక్కన నాలుగు రోజులకి బుక్ చేసుకున్నాం. బయలుదేరే ముందురోజు పులిహోరకి చింతపండు పిసుకుతూ అడిగింది.

"టైర్లు మార్పించారా?"

"ఆఁ, అయిపోయింది."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నేనూ అనుకోలేదు. ఆవిడ ఆఫీసు నుంచి రాకముందే టైర్లు కడిగి నల్లటి పాలిష్ రుద్ది ఉంచాను. మర్నాడు పొద్దున్న దూరం నుంచే చూసి, "బాగున్నాయండీ," అని ట్రక్కు ఎక్కింది. వంగి అంకెలు చూడలేదు. ఇంగువ డబ్బాను నమ్మని మనిషి నన్ను నమ్మింది.

హైవే మీద గంట గడిచాక పక్కకు చూస్తే ఆవిడ చెయ్యి ఒళ్ళో ఉంది. పిడి వదిలేసి నిద్రపోతోంది. ఇన్నేళ్ళ కాపురంలో హైవే మీద ఆవిడ నిద్రపోవడం అదే మొదటిసారి. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే డ్రైవ్ చేస్తూ పోయాను.

ఢామ్మని పేలింది. ట్రైలర్ అటూ ఇటూ ఊగింది, దానితో పాటు ట్రక్కూ ఊగింది. "అమ్మా!" అని ఆవిడ అరిచిన అరుపు పెద్ద మనిషిది కాదు, సూర్యాపేట దాటిన ఆ చిన్నపిల్లది. ఎలాగో రోడ్డు పక్కకు తీసి ఆపాను.

దిగి చూస్తే ట్రైలర్‌కి ఉన్న నాలుగింటిలో కుడివైపు వెనక టైరు పేలికలై వేలాడుతోంది.

"నిన్న మొన్న వేయించిన టైరు కదండీ! ఆ షాపువాడు మోసం చేశాడేమో," అంది.

అప్పుడు కూడా అనుమానించింది షాపువాణ్ణే. ఆవిడ దాని ముందున్న టైరు దగ్గర కూర్చుని, కళ్ళజోడు పైకి నెట్టి, అంకెలు చదివింది. చాలాసేపు లేవలేదు. పక్కనుంచి పెద్ద పెద్ద లారీలు పోతున్నాయి.

"తప్పయిపోయింది," అన్నాను.

"స్పేర్ వేయించండి," అంది.

దారిలో ఆగిపోయిన బళ్ళకి సాయం చేసే కంపెనీకి ఫోన్ చేస్తే వచ్చినతను స్పేర్ టైరు వేసి, పది మైళ్ళ దూరంలో ఉన్న ఊళ్ళో టైర్ల షాపుకి దారి చెప్పాడు. ఆ రోజు శనివారం. నా షీటు ఫోన్‌లోనే ఉంది, తీయలేదు. ఆవిడ షాపతన్ని మూడే ప్రశ్నలు అడిగింది. ట్రైలర్ టైర్లేనా, మా బరువుకి సరిపోతాయా, ఎప్పుడు తయారయ్యాయి? అతను నాలుగు టైర్లు దొర్లించుకొచ్చాడు. నాలుగింటి అంకెలూ చదివి, ఒకటి పాతదని వెనక్కి పంపి ఇంకొకటి తెప్పించింది. ఎంచుకోవడం పది నిమిషాల్లో అయిపోయింది.

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సరస్సు బాగుంది, పులిహోర బాగుంది, వచ్చేటప్పుడు టైర్లు ఏ గొడవా చేయలేదు.

ఇది జరిగి రెండు నెలలైంది. ఆవిడ మామూలుగానే మాట్లాడుతుంది, నవ్వుతుంది. నిన్న సాయంత్రం టీ తాగుతూ, "గరాజ్ తలుపు వేశారా?" అని అడిగింది.

"వేశాను."

"సరే," అంది. ఇంకో గుక్క తాగింది. కప్పు కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళి చూసి వచ్చింది.