సంగటి నమలమన్న సైన్సు మాస్టరు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసి కూర్చోండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న శనివారం పుంగనూరులో నా ఉద్యోగం ఒక సంగటి ముద్దలో ఇరుక్కుంది. దాన్ని అందులోకి తోసింది కూడా నేనే.

ఆ ఊరి స్కూల్లో రెండేళ్ళుగా టెంపరరీ సైన్సు మాస్టర్ని. సోమవారం మదనపల్లెలో బొగ్గుతో నడిచే బస్సెక్కి మసి మొహంతో అక్కడ దిగడం, శనివారం అదే మొహంతో వెనక్కి రావడం, ఇదీ నా బతుకు. పర్మనెంటు చెయ్యాలంటే కమిటీ ముందు ఒక లెక్చరు ఇవ్వాలన్నారు. ప్రెసిడెంటు జ్ఞానప్పగారి ఇంటి వసారాలోనే మీటింగు. ఆయన ముందురోజే నన్ను పక్కకు పిలిచాడు.

"పాస్టరయ్యగారు గూడా వస్తాండారు సారూ. ఏమన్నా చెప్పుకోండి, కోతి మాట మాత్రం ఎత్తొద్దు. ఎత్తితే పోస్టు మర్చిపోండి."

సరే, కోతి లేకుండానే మొదలుపెట్టాను. దక్షిణాఫ్రికాలో రాళ్ళలోంచి బయటపడిన పుర్రెల గురించి పత్రికలో చదివాను కదా, అదే చెప్పాను. వాటిని "మన దూరపు చుట్టాలు" అన్నాను. ఒక రకానికి దవడ ఇంత లావు, దంతాలు విసుర్రాళ్ళలాగా వెడల్పు, నడినెత్తిన ఎముక గట్టులాగా లేచి ఉంటుంది. ఎందుకయ్యా అంటే గట్టి గింజలూ దుంపలూ నమిలే కండకు పట్టు కావాలి, ఆ పట్టు అక్కడ. మరో రకానికి తిండి మెత్తబడింది, తరతరాలకు దవడా చిన్నదైంది. కణతల మీద వేళ్ళు పెట్టుకుని పళ్ళు బిగించండి అన్నాను. అందరూ పెట్టుకున్నారు. కండ కదలగానే ముసలాళ్ళు కూడా మురిసిపోయారు. పాస్టరుగారు ఒకటికి రెండుసార్లు బిగించి చూసుకున్నారు.

అక్కడ ఆపి కూర్చుంటే నా సొమ్మేం పోయేది? ఆపలేదు. సాక్ష్యం మన దగ్గరే ఉంది అన్నాను. నాది నెల్లూరు వైపు, అన్నం తిని పెరిగిన దవడ. సోమల ఊరి నుంచి వచ్చిన రైతు మునెప్ప ముందు వరసలో కూర్చున్నాడు, ఆయనది రాగి సంగటి తిన్న దవడ, చూడండి ఎంత ఉందో, అంతా నమలడం వల్లే అన్నాను. వసారాలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మెచ్చుకోలు అనుకున్నాను.

లోపలి నుంచి ఒక ముద్ద తెప్పించి, మునెప్ప కణత మీద నా వేలు పెట్టి, తినమన్నాను. ఆయన ముద్ద తుంచి, పులుసులో అద్ది, గుటుక్కున మింగాడు. కణత కదల్లేదు. మళ్ళీ మింగాడు. కదల్లేదు.

"నమలవయ్యా," అన్నాను.

"సంగటి నమిలేదేంది సారూ? మింగేది గదా."

మా ఆవిడది కుప్పం. ఎనిమిదేళ్ళుగా నా ఎదురుగానే కూర్చుని సంగటి తింటోంది. ఒక్కరోజైనా ఆమె దవడ వంక చూసి ఉంటే ఈ గతి పట్టేది కాదు. చూడలేదు, ఎందుకంటే అప్పుడూ నేనే మాట్లాడుతూ ఉంటాను. పోనీ అక్కడైనా ఒప్పుకున్నానా? లేదు. నమలాల్సిందే, నమిలి తీరాలి అని పట్టుబట్టాను.

అప్పుడు తలుపు దగ్గరికి సుగుణమ్మగారు వచ్చారు. ప్రెసిడెంటుగారి భార్య. ఆ సంగటి గెలికింది ఆమే. ఉడకని పలుకో, గడ్డో ఉంటే తప్ప సంగటిని పళ్ళ కింద పెట్టరట. అంటే అరగంటగా నేను ఆమె వంటకు పదిమందిలో వంక పెడుతున్నానన్నమాట.

"నా సంగట్లో యాడుండాది సారూ గడ్డ? మీరే నమిలి సూపించండి," అని నిమ్మకాయంత కాదు, కొబ్బరికాయంత ముద్ద నా చేతిలో పెట్టింది.

నమిలాను. ఏం చెప్పమంటారు, అది అంగిలికి అతుక్కుంది, పళ్ళకు అతుక్కుంది, నాలుకను పట్టుకుంది. మింగుడు పడదు, కక్కితే ఆమె ముందు కక్కాలి. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"ఇంతకీ మనిషి యాడ నుంచి వచ్చినాడంటారు సారూ?"

నన్నెరిగిన వాళ్ళు మీరు. నోరు ఖాళీగా ఉంటే గంటసేపు చెప్పి ఉండేవాణ్ణి, కోతి తోకతో సహా. ఉద్యోగం ఆ వసారాలోనే పోయేది. కానీ ఊపిరి ఆడక కళ్ళు తేలేసి, మొహం పైకెత్తి, నీళ్ళు నీళ్ళు అని చెయ్యి పైకి ఊపాను.

పాస్టరుగారు ఆ చేతి వంకే చూశారు. తర్వాత పైకి చూశారు.

"అంతే సారూ. పైనుంచే. ఇంక మాటలు వద్దు," అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు. నా కళ్ళలోనూ నీళ్ళే, కారణం వేరు.

పర్మనెంటు ఆర్డరు నిన్న వచ్చింది. అందులో నా గుణగణాలు రాశారు: దైవభక్తి గలవాడు, మితభాషి. మా ఆవిడ రెండుసార్లు చదివి కాగితం నా చేతికిచ్చింది.

"ఎవురిదో ఆర్డరు మనింటికి వచ్చినట్టుండాది. పాపం, వెనక్కి పంపిచ్చేయండి."