రానివి కూడా రాయించిన వదిన

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు మేము సూర్యాపేటలో ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. అన్న ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకున్నాడు. నేను ఉర్దూలో మెట్రిక్ పాసై, ఉద్యోగం లేక, ఊళ్ళోవాళ్ళకు దరఖాస్తులు రాసిపెడుతూ తిరిగేవాణ్ణి. ఒకనాడు తాలూకా కచేరీ గోడ మీద ఒక ప్రకటన చూసి, ఇంటికొచ్చి మాటవరసకు చెప్పాను. మిర్యాలగూడ దవాఖానలో ఆడవాళ్ళ వార్డుకు సహాయకురాలు కావాలట.

బియ్యం చెరుగుతున్న వదిన చేట కింద పెట్టింది.

"ఏమేం గావాలన్నరు?"

మిడిల్ స్కూలు పాసై ఉండాలి. ఉర్దూ చదవడం, రాయడం రావాలి. ఇదివరకు దవాఖానలో పని చేసి ఉండాలి. ముప్పై ఏళ్ళు దాటకూడదు. ఆరోగ్యంగా ఉండాలి.

"వయసు సరిపోతది, పాణం మంచిగనే ఉంది. దరఖాస్తు రాయి," అంది.

నాకు నవ్వొచ్చింది. వదిన పుట్టిల్లు మోతె. తెలుగులో నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది.

"ఐదిట్ల మూడు లేవు గద వదినా. పక్కకు పడేస్తరు."

"పడేస్తే వాళ్ళే పడేస్తరు. ముందుగాల మనమే ఎందుకు పడేసుకోవాలె?"

సరేనని కాగితం తీశాను. చదువు సంగతి ఎత్తకుండా, ఉర్దూ కొద్దిగా వచ్చునని రాశాను. వదిన తెలుగులో చదివి వినిపించమంది. విని ఊరుకోలేదు.

"నాకేడొచ్చు ఉర్దూ? కొట్టెయ్. రాదనే రాయి. మిడిల్ సదువలేదని రాయి. దవాఖానల పనిజెయ్యలేదని రాయి. ఆ ఎన్క అత్త కాలి సంగతి రాయి."

అంతకు ముందు మా అమ్మ కాలి మీద మరిగే నీళ్ళు పడి పెద్ద పుండైంది. కంపౌండరు ఒక్కసారి కట్టు కట్టి చూపించాడు. ఆ తర్వాత ఏడాది పొడుగునా వదినే రోజూ గుడ్డలు ఉడకబెట్టి, పుండు కడిగి కట్టు కట్టింది. అమ్మ మళ్ళీ నడిచింది. దెబ్బ తగిలిందంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వదిన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇవన్నీ నా కళ్ళముందు జరిగినవే. దరఖాస్తులో రాయదగినవని మాత్రం నాకు తోచలేదు.

కొన్ని వారాలకు రమ్మని ఉత్తరం వచ్చింది. "ఉద్యోగమొస్తే గాడికే పోదాం. మిషన్ ఏడైనా తిరుగుతది," అన్నాడు అన్న. అక్కడి ఉర్దూ మాటలు తెలుగు చేసి చెప్పడానికి వదినతో నేను బస్సెక్కాను.

అక్కడ లేడీ డాక్టరుకు ఉర్దూ తప్ప వేరే భాష సరిగా రాదు. కాగితం చదివి తలెత్తి, ఇవన్నీ రావని ఎవరు రాయమన్నారని అడిగింది. ఆ ప్రశ్న నేను తెలుగులో చెబితే వదినే జవాబిచ్చింది.

"నేనే రాయించిన అమ్మా. రానిది వచ్చునంటే రేపు మీ ముందల్నే దొరికిపోత."

ఉర్దూ రాకుండా ఇక్కడ పని ఎలా చేస్తావంది డాక్టరు. వదిన వరండా వైపు చూపించింది.

"బయట కూసున్నామె పెన్‌పహాడ్ నుంచి వచ్చింది. మీరు రెండు పూటలకిచ్చిన మందు బిడ్డకు ఒక్కసారే తాపిందట. మీ మాట ఆమెకు తెల్వలే. గసుంటోళ్ళకు చెప్పనీకె నేను పనికొస్తనమ్మా. ఉర్దూ అంటరా, నేర్సుకుంట."

నేను ఆ మాటలు ఉర్దూలో చెప్పేసరికి డాక్టరు లేచి, ఆ తల్లిని లోపలికి పిలిపించింది. బిడ్డకు ఏమీ కాలేదని చూసుకున్నాక, వార్డులో ఒకామె పుండుకు కట్టు మార్చమని వదినతో అంది. వదిన ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. తర్వాత కట్టిన కట్టును డాక్టరు వంగి అటూ ఇటూ చూసింది.

మూడు నెలలు పని చేయమంది. ఆలోగా రోగుల చీటీలు చదవడం వస్తేనే ఉంచుకుంటానంది.

అందరం మిర్యాలగూడకు మారాం. వదినకు పలక మీద అలిఫ్, బే అంటూ ఉర్దూ అక్షరాలు దిద్దించాను. పని నుంచి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని కూడా దిద్దేది. "ఈ సుక్కలు నన్ను పరేషాన్ జేస్తున్నయి," అని విసుక్కుంటూనే చెరిపి మళ్ళీ రాసేది.

గడువు నాడు డాక్టరు చీటీల కట్ట చేతికిచ్చింది. వదిన రెండు తప్ప అన్నీ చదివింది. "ఈ రెండు నాకు వస్తలేవమ్మా," అని వాటిని విడిగా పెట్టింది. డాక్టరు ఆ రెండూ తానే చదివి చెప్పి, ఉద్యోగం కాగితం మీద సంతకం చేసింది.

ఆ ఏడే కోదాడ బడికి పంతులు కావాలని తెలిసింది. ట్రైనింగ్ అయి ఉండాలన్నారు. నాకు లేదు. అలాంటి ప్రకటనలు అప్పటికి ఎన్నో చదివి వదిలేసిన నేను ఈసారి దరఖాస్తు రాశాను, ట్రైనింగ్ లేదని కూడా రాశాను. ఉద్యోగం రాలేదు. వేసవి తర్వాత మళ్ళీ అడిగారు, మళ్ళీ రాశాను. తీసుకున్నారు.

నేను కోదాడకు బయలుదేరిన పొద్దున వదిన పనిలో ఉంది. వార్డు గుమ్మం దాకా వచ్చి, "పిల్లగాండ్లను కొట్టకు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.