దూరం కొట్టే టార్చి

మా ఇంట్లో బియ్యం డబ్బా ఉండే గదికి కిటికీ లేదు. వన్ టౌన్ పాత మేడల్లో ఇలాంటి గది ఒకటి ఉంటుంది. అటు గోడ పక్కింటివాళ్ళది, ఇటు గోడ మనది, మధ్యలో పట్టపగలు కూడా చీకటే. మా ఆయన స్టీలు ఫ్యాక్టరీలో ఉద్యోగం ముగించుకుని, క్వార్టరు ఖాళీ చేసి ఈ కింది వాటాలోకి వచ్చినప్పుడు ఆ గది చూసి నేను మొహం చిట్లించాను. అక్కడ టార్చిలైట్లకి పరీక్షలు పెడతారని అప్పుడు నాకేం తెలుసు!

దీనికంతకీ కారణం కళ్ళ డాక్టరు. మా ఆయనకి మొదటినుంచీ కాస్త రేచీకటి ఉంది. ఇప్పుడు పక్కచూపు కూడా సన్నబడుతోందనీ, అది మందులకి తగ్గేది కాదనీ, పొద్దుగూకాక ఒక్కరే రోడ్డు మీద తిరగొద్దనీ డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. ఈయన అన్నిటికీ బుద్ధిగా తల ఊపారు. బయటికి రాగానే, మంచి టార్చి ఒకటి కొనుక్కుంటే సరిపోతుందన్నారు.

ఆయనకి కావలసింది పెద్దదేమీ కాదు. సాయంత్రం సముద్రపొడ్డుకి నడిచివెళ్ళాలి. పోర్టులో చోటు దొరక్క బయట లంగరేసుకున్న ఓడలకి దీపాలు వెలుగుతుంటే చూడాలి. తిరిగి ఒక్కరే ఇంటికి రావాలి. నేను తోడొస్తానంటే మొహం ముడుచుకునేవారు. ఒకరి చెయ్యి పట్టుకుని నడిచే రోజొస్తే ఇక గుమ్మం దిగనని తేల్చి చెప్పేశారు. అన్నారంటే చేస్తారు. నా భయమల్లా అదే. ఓడలు చూడని సాయంత్రం ఆయన ఇంట్లో కూచుని ఏం చేస్తారో నేను ఊహించుకోలేకపోయాను.

టార్చిలు పూర్ణా మార్కెట్ వెనక సందులో దొరికాయి. గడియారాలూ, గొడుగులూ, టార్చిలూ బాగుచేసి అమ్మే కొట్టు అది. ఆ కొట్టు సాయిబుగారికీ మా ఆయనకీ పాత స్నేహం. కొట్టుకి ఎదురుగా రెండు గోడౌన్ల మధ్య ఎండపొడ తగలని సన్నటి గొంది ఒకటుంది. దాని చివర గోడ మీద ఎవరో సున్నంతో నాలుగు అక్షరాలు రాశారు. ఆ కొట్లో టార్చి కొనే ప్రతివాడూ గొంది మొదట్లో నిలబడి, లైటు వేసి, ఆ అక్షరాలు చదవాలి. చదవగలిగితే టార్చి మంచిది, లేకపోతే కాదు. దారినపోయే కూలీలు కూడా మూటలు దింపుకుని తీర్పు చెప్పేవారు.

"టార్చంటే దూరం కొట్టాల బావా. దగ్గర్దానికి టార్చెందుకు, సెయ్యి సాపితే సాల్దా?" అన్నాడు సాయిబుగారు. మా ఆయనకి ఆ మాట నచ్చేసింది.

అలా ఒకటొకటిగా ఇంటికొచ్చాయి. అన్నీ చవకవే. అట్టపెట్టెల మీద మాత్రం ఏనుగంత గొప్పలు. ఫ్యాక్టరీలో ముప్పొద్దులా మిషన్లని కనిపెట్టుకుని ఉన్న మనిషి కదా, వాటిని ఊరికే వదల్లేదు. బియ్యం గదిలో పై కొక్కేలకి పురికొసలు కట్టి టార్చిలన్నీ వరసగా వేలాడదీశారు. ఒకేసారి వెలిగించి గోడ మీదికి తిప్పారు. ఏది ఎంతసేపు వెలుగుతుందో, వెలుగు ఎప్పుడు డీలా పడుతుందో చూడాలి. అందుకు షిఫ్టులు వేశారు. పొద్దుటి షిఫ్టు ఆయనది, వంట షిఫ్టు నాది. పప్పు కలుపుతూ గదిలోకి తొంగిచూసి, ఏ టార్చి ఎలా ఉందో వసారాలోకి కేకేసి చెప్పాలి. జీతంలేని నౌకరీ నాది.

ఒకటి కాఫీలవేళ కళ్ళు చెదిరేలా వెలిగి, పోపు వేగేసరికి నీరసించిపోయేది. అట్టపెట్టె మీద అదే అన్నిటికంటే ఎక్కువ కోతలు కోసింది. ఇంకొకటి మధ్యాహ్నందాకా ఒకే తీరుగా వెలిగి, చెప్పాపెట్టకుండా టప్పున ఆరిపోయేది. అలాంటిదాన్ని నమ్ముకుని రోడ్డెక్కితే ఇంతే సంగతులని దాన్ని పక్కన పెట్టేశారు. కుర్రకారు కోసం చేసిందొకటి ఉంది. రెండోసారి బొత్తం నొక్కితే టపటపా కొట్టుకునేది, దాన్ని చూస్తే నాకు తలనొప్పి. అన్నిటికీ చివర సాయిబుగారు ఊరికే ఇచ్చిన పొట్టి టార్చి ఒకటి వేలాడేది. దాని వెలుగు గుండ్రంగా నిలిచేది కాదు, పచ్చగా పలచగా గోడంతా పరుచుకునేది. అది మాత్రం రాత్రి భోజనాల వేళకి కూడా పొద్దున ఎలా ఉందో అలాగే ఉండేది.

నాకు అదే నచ్చింది. ఆయన కొట్టిపారేశారు. అది టార్చి కాదట, ముగ్గుపిండి చల్లినట్టుందట. గొంది చివరి అక్షరాలు దానికి అందలేదు కనక అది లెక్కలోకే రాదన్నారు.

నిజం చెప్పొద్దూ, పైకి విసుక్కున్నాను గానీ ఆ గదంటే నాకూ ఇష్టం కలిగింది. వంటయ్యాక బియ్యం డబ్బా మీద కూచునేదాన్ని. గోడ మీద అట్లంతేసి వెలుగులు, కొన్ని నీలంగా, కొన్ని తెల్లగా. నేను తలుపు తీసిన గాలికి పురికొసలు ఊగితే అవన్నీ ఒకదాని మీదుగా ఒకటి జరిగేవి. ఎక్కడో పోర్టులో ఓడ కూసేది. నేను ఇంట్లో ఉన్నానో, నీళ్ళ అడుగున ఉన్నానో తెలిసేది కాదు. ఆయన వచ్చి పక్కన నిలబడేవారు. ఆ కాసేపూ ఆయన కళ్ళకి ఏ జబ్బూ లేదనిపించేది.

అన్నిట్లోకీ దూరం కొట్టే టార్చి ఒకటి చివరికి నెగ్గింది. గొంది చివర అక్షరాలే కాదు, వాటి పక్క పగులు కూడా కనిపించిందట. దాన్ని జేబులో పెట్టుకుని ఓ సాయంత్రం దర్జాగా బయల్దేరారు. తిరిగొచ్చేసరికి మోకాలి కింద పంట్లాం చిరిగి, నెత్తురోడుతోంది. దూరాన ఉన్న కరెంటు స్తంభం బ్రహ్మాండంగా కనిపించిందట. పక్కనే ఉన్న బజ్జీల బండి చక్రం మాత్రం కనిపించలేదు.

పసుపు అద్దుతూ నేను నోటికొచ్చినట్టల్లా తిట్టాను. ఆయన టార్చిని తిట్టారు. కాసేపటికి గానీ అసలు సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఆ గొంది ముందు నిలబడ్డవాళ్ళందరం చివరి గోడనే చూశాం గానీ, కాళ్ళ దగ్గర ఏముందో ఒక్కరమూ చూడలేదు. సాయిబుగారికి చెబితే టీ తెప్పించాడట.

మర్నాడు పొట్టి టార్చి ఆయన జేబులో నేనే పెట్టాను. నేనూ చెప్పులేసుకున్నాను. గాలి కోసం వస్తున్నానన్నాను. నమ్మలేదు గానీ వద్దనలేదు. వెళ్ళేటప్పుడు ఇద్దరం ఎడంగానే నడిచాం.

ఒడ్డున గోడ మీద కూచున్నాం. నీళ్ళూ ఆకాశమూ ఒకటే బూడిదరంగులో కలిసిపోయే వేళ. గాలిలో ఉప్పూ, వేగుతున్న చేపల వాసనా. చూస్తుండగానే ఓడలకి దీపాలు పడ్డాయి. అటు కొండ మొదటినుంచి ఇటు చివరిదాకా వరసే వరస. అక్కడో ఊరున్నట్టు, ఆ ఊళ్ళోనూ ఎవరో దీపాలు పెట్టి పిల్లల్ని ఇంట్లోకి పిలుస్తున్నట్టు నాకు అనిపించింది. హాయికి నా కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఈవేళ ఒక్క ఓడే ఉందేంటే?" అన్నారాయన.

వేళాకోళమేమో అనుకుని ఆయన మొహంలోకి చూశాను. కాదు. ఎదురుగా ఉన్న ఓడకేసే చూస్తున్నారు, దాని పక్కన ఇంకేమీ లేనట్టు. అవునండీ, ఒక్కటే, అనేద్దామనుకున్నాను. అనలేకపోయాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ముందు నా అబద్ధం ఒక్కటీ నిలవలేదు.

"చాలా ఉన్నాయండీ," అన్నాను. "తల కొంచెం ఎడంపక్కకి తిప్పండి."

తిప్పారు. వెతుక్కున్నారు. "ఆఁ, ఇదోటి," అన్నారు. ఇంకాస్త తిప్పమన్నాను. ఇంకోటి దొరికింది. అలా ఒక్కొక్క ఓడనే పట్టుకుంటూ వరసంతా వెళ్ళాం. చివరిదాకా వచ్చాక, మొదట చూసింది ఎక్కడుందని అడిగారు. చెప్పాను. మళ్ళీ దాన్ని చూసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకి కనపడదులే అని తుడుచుకోలేదు.

బాగా చీకటిపడ్డాక లేచాం. ఆయన జేబులోంచి పొట్టి టార్చి తీసి వెలిగించారు. మా ఇద్దరి పాదాలూ, చుట్టూ ఇసక పడ్డ గచ్చూ పచ్చగా కనిపించాయి. కాసేపు అలాగే నిలబడి, దాన్ని నా చేతిలో పెట్టారు. తర్వాత నా మోచెయ్యి తడిమి పట్టుకున్నారు. నేను కదలలేదు, నడవడం మరిచిపోయినదానిలా నిలబడ్డాను. రేపట్నుంచి ఇక గుమ్మం దిగనంటారేమో అని.

"రేపు కొంచెం పెందలాడే బయల్దేరదాం," అన్నారాయన. "అన్ని ఓడలూ చూడాలంటే చాలాసేపు పడుతోంది."