పొడుగు నార రాకెట్‌కు, పొట్టి నార రేకులకు

నా చిన్నప్పుడు మా ఇండ్లలో గొర్రెను కోస్తే, పిల్లలం కూర కోసం కాదు, తిత్తి కోసం కాచుకొని కూర్చునేవాళ్ళం. తిత్తి అంటే ఊపిరితిత్తి. గొంతుగొట్టంతో సహా దాన్ని కోసి మా చేతికిచ్చేవాళ్ళు. గొట్టానికి నోరు పెట్టి ఊదితే అది మెత్తగా, ఎర్రగా, బూర మాదిరి ఉబ్బేది. నోరు తీస్తే ఉస్సుమని దిగిపోయేది. ఎవరు ఎక్కువ ఉబ్బిస్తే వాళ్ళు గెలిచినట్టు. ఇది చదివి ముఖం చిట్లించుకునేవాళ్ళు చిట్లించుకోండి. గొర్రెలు కాచుకునే ఇండ్లలో ఆటబొమ్మలు కొనరు, ఉన్నదానితోనే ఆడుకుంటారు.

ఆ ఆటలో నేను ఎన్నోసార్లు గెలిచినా. ఓడిపోయింది ఒక్కసారే. మూడో తరగతితో ఆగిన బడికి నేను మళ్ళీ ఎందుకు పోలేదో, పక్కింటి అక్క పేరెత్తితే నేను ఎందుకు లేచి లోపలికి పోతానో, రెండూ ఆ ఒక్కసారిలోనే ఉన్నాయి.

మాది పులివెందుల తట్టు కొండ కింద పల్లె. ఆ కొండలో రాతినార, ఆస్‌బెస్టాస్ అంటారే అది, దొరికేది. రాయి పగిలితే లోపల, పొరకూ పొరకూ మధ్య, పట్టుదారం మాదిరి మెరిసే నార. మగవాళ్ళు గనిలో రాయి తీస్తే, ఆడవాళ్ళు బయట రేకుల కొట్టంలో వరసగా కూర్చొని చిన్న సుత్తులతో దాన్ని చితగ్గొట్టి నార వేరు చేసేవాళ్ళు. పక్కింటి అక్క ఆ కొట్టంలో కూలికి పోయేది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేండ్లు ఉంటాయి, నాకు తొమ్మిది. మా అమ్మకు జీవాలతోనే పొద్దు గడిచిపోయేది కాబట్టి, నాకు జడ వేసింది, పేలు చూసింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది అంతా ఆ అక్కే.

అది చైనావాళ్ళతో యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు. యుద్ధం మా పల్లె దాకా రాలేదు గానీ, దాని మాట వచ్చింది. సంతకు పోయివచ్చినవాళ్ళు విమానాలు వస్తాయట, పైనుంచి బాంబులు వేస్తాయట అని చెప్పేవాళ్ళు. మేము గద్ద నీడ నేల మీద పడినా ఇండ్లలోకి పరుగెత్తేవాళ్ళం. పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వి, వాళ్ళూ ఒకసారి పైకి చూసేవాళ్ళు.

కొట్టానికి ఒక మేస్త్రీ ఉండేవాడు. మంచివాడే. ఆ మాట ఇప్పుడు కూడా వెనక్కి తీసుకోను. ఒక మధ్యాహ్నం నేను అక్కకు సద్ది తీసుకొని పోయేసరికి, ఆయన ఆడవాళ్ళందరినీ పొయ్యి చుట్టూ నిలబెట్టినాడు. పిడికెడు నార తీసి నిప్పుల్లో వేసినాడు. నార ఎర్రగా కాగింది. పట్టకారుతో బయటికి తీసి, చల్లారినాక నా అరచేతిలో పెట్టినాడు. వెంట్రుకంత కూడా కాలలేదు. మల్లెపూవు మాదిరి ఇంకా తెల్లబడింది.

అప్పుడు ఆయన రాకెట్ల గురించి చెప్పినాడు. మన దేశం వాటిని చేయబోతాందట. శత్రువు విమానం వస్తే కింద నుంచి ఎగిరిపోయి ఆకాశంలోనే దాన్ని కొట్టేది ఒక రకమట. మేఘాలను దాటి పైకి పోయి, ఎంతో దూరాన శత్రువు నేల మీద పడేది ఇంకో రకమట. రెండింటి కడుపులోనూ నిప్పే. తన నిప్పుకు తానే కాలిపోకుండా లోపల ఈ నారతో పొర వేస్తారట. సరిహద్దులో తుపాకీ పట్టినవాళ్ళు ఎట్లనో, ఈడ సుత్తి పట్టినవాళ్ళూ అట్లనే అన్నాడు.

వరసలో ఒకామె, "అట్లయితే మా ఇంటాయన నోట్లో కూడా ఒక పొర వేయించు మేస్త్రప్పా, పొద్దున లేస్తే నిప్పులు కక్కుతాంటాడు" అనింది. కొట్టమంతా నవ్వు. మేస్త్రీ కూడా నవ్వి, ఒక్కొక్కరి ముందర రెండేసి గంపలు పెట్టించినాడు. పొడుగు నార రాకెట్‌కు, పొట్టి నార ఇంటికప్పు రేకులకు. ఒక్క పొట్టి పోగు కలిసినా రాకెట్ నడి ఆకాశంలో పగిలిపోతాదని భయం చెప్పినాడు.

అంతకుముందు నార వేరు చేయమని ఆయన పొద్దంతా అరిచేవాడు. ఆ పొద్దు నుంచి అరవలేదు. అక్క అయితే రాకెట్ గంపను ఒడికి ఆనించుకొని కూర్చునేది. ఒక్కొక్క పోగును వెలుతురుకు పట్టుకొని, నాలుగు వేళ్ళ బెత్తెతో కొలిచి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు గంపలో పెట్టేది. అందరికంటే ముందు ఆమె గంపే నిండేది.

మరుసటి పొద్దు నేను పలకను గూట్లో పెట్టి అక్క వెంట పోయినా. నన్నెవరూ పట్టుకొని లాక్కుపోలేదు. కూలి వస్తాది కదా అని అమ్మ ఊరుకుంది. అయ్యవారు రెండుసార్లు కబురు పంపి చాలించుకున్నాడు. బడి పోయినందుకు తిట్టాలంటే నన్ను నేనే తిట్టుకోవాల, లేకుంటే ఆ పట్టకారును.

ఆ సాయంత్రం మా జేజికి, అంటే మా నాయనమ్మకు, రాకెట్ల గురించి చెప్పినా. ఆమె దొడ్డి తడిక కట్టుకుంటూ అంతా వినింది. ఎదురుపోయి కొట్టేది, దూరంపోయి పడేది అని నేను వేళ్ళు మడిచి రెండు రకాలూ చెప్పినా. "కాపలాకుక్కకూ తోడేలుకూ పండ్లు ఒకటే పాపా. మందలో ఉన్నదానికి కుక్క, అవతల ఉన్నదానికి తోడేలు" అనింది. ఆమె మాటలు కూడా గింజలు కొలిచినట్టే ఇచ్చేది.

కొట్టంలో నారదుమ్ము గాలిలో నిలబడి ఉండేది. రేకుల సందుల్లోంచి ఎండ పడితే అందులో మెరుస్తూ ఆడేది. అందంగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాల. పొద్దుగుంకేసరికి మా రెప్పలు, కనుబొమలు, తలవెంట్రుకలు తెల్లగా అయ్యేవి. నేనూ అక్కా ఎదురెదురుగా నిలబడి, "ఏమ్మే ముసలిదానా, నీకెంతమంది మనవరాండ్లు?" అని ఒకరినొకరు ఎకసక్కెం చేసుకునేవాళ్ళం. నాకు ఇప్పుడు నిజంగానే కనుబొమలు తెల్లబడినాయి. ఆమెకు ఆ దుమ్ముతో తప్ప ఎన్నడూ తెల్లబడలేదు.

అట్లా కొన్ని నెలలు కొట్టానికి పోయినా. అప్పుడే మా మందలో ఒక ముసలిగొర్రె రొప్పడం మొదలుపెట్టింది. నాలుగు అడుగులు వేసి నిలబడేది. మా జీవాలు ఏండ్లుగా గని మట్టిదిబ్బల మీద గడ్డి మేసి, ఆ దిబ్బల కింది వంకలోనే నీళ్ళు తాగేవి. అది చచ్చేలోపల కోయాలని నాయన కోసినాడు. పిల్లలం మామూలుగానే తిత్తి కోసం ఎగబడినాం. జేజి అందరినీ తరిమేసి నన్ను ఒక్కదాన్నే దొడ్డి వెనక్కి పిలిచింది. తిత్తి నా చేతిలో పెట్టింది.

"ఊదు" అనింది.

ఊదినా. ఉబ్బలేదు. గొట్టం సరిగా పట్టుకోలేదేమో అనుకొని మళ్ళీ ఊదినా. చెంపలు నొప్పి పుట్టినాయి, చెవుల్లో గుయ్యిమనింది, కండ్ల వెంట నీళ్ళొచ్చినాయి. నా ఊపిరి లోపలికి పోకుండా నా నోట్లోకే తిరిగి వచ్చేది. చేతికి అది తిత్తి మాదిరి లేదు, ఎండిన చెప్పుతోలు మాదిరి ఉంది. జేజి దాన్ని తీసుకొని కత్తితో చీల్చింది. అంచుల్లో తెల్లగా, గట్టిగా పేరుకొని ఉంది. కత్తి గరగరమనింది. ఇట్లాంటిది తాను చూడడం ఇది మూడోసారని అప్పుడు చెప్పింది.

"నిప్పుకే అరగలేదని మురిసిపోతివి గదా. నిప్పుకు అరగనిది రొమ్ములో అరుగుతాదా పాపా?"

నాకు ఒక్కసారిగా అర్థమైంది. పిల్లలకు అర్థం కాదనుకుంటాం గానీ, ఊది చూసినదాన్ని నేను. అక్కకు చెప్పి వస్తానని లేచినా. జేజి నా మణికట్టు పట్టుకుంది. మా గొర్రెల తిత్తులు రాయి అవుతున్నాయని ఊళ్ళో తెలిస్తే పులివెందుల సంతలో మా జీవాన్ని ఒక్కదాన్ని కూడా ఎవరూ తాకరని చెప్పింది. గని మీద మాట పుట్టించినారని గనివాళ్ళు వంకకు పోయే దారి మూసేస్తే మంద ఎండిపోతాదని, మంద పోతే మనమూ పోతామని చెప్పింది. కోపంగా చెప్పలేదు. రేపు వాన పడదు అని చెప్పినట్టు చెప్పింది. తర్వాత నా చేతిని తన తల మీద పెట్టుకొని, ఈ మాట గడప దాటితే తనను చంపుకున్నట్టే అని ఒట్టు వేయించుకుంది.

తిత్తిని తన చేతులతోనే గుంత తీసి పూడ్చింది. మాంసం పారేయలేదు. మా ఇంట్లో ఏదీ పారేయరు. ఊరికి వాటాలు వేసినారు. అక్క ఇంటికి వాటా నేనే ఆకులో తీసుకొనిపోయి ఇచ్చినా. కూర బాగా కుదిరిందని ఆమె మరుసటి రోజు చెప్పింది.

నేను మళ్ళీ కొట్టానికి పోలేదు. గొర్రెపిల్లలను కాయడానికి మనిషి లేదని జేజి అందరికీ చెప్పింది. బడికీ పోలేదు. ఒక పొద్దు అక్క దారిలో కనపడి, సిపాయి యుద్ధంలోంచి పారిపోయిందే అని నా జడ పట్టుకొని లాగింది. నేనూ నవ్వినా. ఆమె ముంగురుల మీద దుమ్ము ఉంది. నేను చేయి చాచి దులిపినా. అంతవరకే చేసినా.

చెప్పినా ఆమె మానేది కాదేమో. ఆ ఇంట్లో ఆమె కూలి తప్ప వేరే ఆధారం లేదు. ఈ మాట నాకు నేను ఎన్నో ఏండ్లు చెప్పుకున్నా. కానీ మానాలో వద్దో తేల్చుకోవలసింది ఆమె. ఆమె బదులు మేము తేల్చినాం, ఒక ముసలామె, ఒక పిల్ల, దొడ్డి వెనక.

నన్ను జమ్మలమడుగులో ఇచ్చినారు. అక్కను ఊళ్ళోనే ఇచ్చినారు, గనిపని వదల్లేదు. పది పన్నెండేండ్ల తర్వాత ఆమె పెద్దాసుపత్రికని బస్సులో వచ్చి మా ఇంట్లో దిగింది. బస్టాండు నుంచి మా ఇంటికి నూరు అడుగులు ఉండదు. మూడు చోట్ల కూర్చొని వచ్చింది. గడప దాకా వచ్చి, దాటడానికి ఊపిరి చాలక గడప మీదనే కూర్చుండిపోయింది. ముప్పై దాటి ఎంతో కాలేదు. రొమ్ము ఎగుస్తాంది, దిగుతాంది, లోపలికి మాత్రం ఏమీ పోవడం లేదు. అట్లా లోపలికి పోకపోవడం ఎట్లుంటాదో నాకు తెలుసు. నా చెంపలకు తెలుసు.

నీళ్ళు తాగి, సేద తీర్చుకొని అడిగింది. "ఆ పొద్దు నువ్వెందుకు మానేసినావు పాపా? అప్పటి నుంచి అడగాలనుకుంటాండా."

అప్పటికి జేజి పోయి ఐదేండ్లు. మందను నాయన ఎప్పుడో అమ్మేసినాడు. ఒట్టు లేదు, సంత లేదు, వంక లేదు. నన్ను ఆపడానికి ఏదీ మిగల్లేదు. అయినా నా నోట్లోంచి వచ్చింది పాత మాటే. జేజి గొర్రెపిల్లలను కాయమనింది అక్కా అని చెప్పినా.

ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో తెలియదు. "నా గంపే ముందర నిండేది, గుర్తుందా? ఎన్నడన్నా ఆ రాకెట్ ఎగిరితే నాకు కబురు పంపు. మా ఇంట్లో రేడియో లేదు" అనింది. ఆసుపత్రిలో చూసినారు, మందులు ఇచ్చినారు. మందులకు తగ్గే కాలం దాటిపోయింది. మరుసటి ఉగాది ఆమె చూడలేదు.

మేస్త్రీ ఒకసారి ప్రొద్దుటూరు బస్టాండులో కనపడినాడు, ముసలివాడైపోయి. తిట్టాలనే దగ్గరికి పోయినా. మన నార నిజంగా రాకెట్లలోకి పోయిందా అని అడిగినా. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు దగ్గి, ఏమోనమ్మా, పైవాళ్ళు మాకు చెప్పినారు, మేము మీకు చెప్పినాం అన్నాడు. ఆయన కూడా ఆ కొట్టంలోనే ఊపిరి పీల్చినాడని నాకు అప్పటిదాకా తట్టలేదు. తిట్టకుండా వచ్చేసినా.

ఇప్పుడు టీవీలో రాకెట్ లేస్తే మా ఇంట్లో మనవళ్ళు, మనవరాండ్లు చప్పట్లు కొడతారు. ఒకటి వస్తాంటే ఇంకొకటి ఎదురుపోయి నడి ఆకాశంలో దాన్ని పొడి చేసేది చూపించి, చూడు జేజీ అంటారు. కొట్టొద్దని నేను అనను. తోడేళ్ళు ఉన్న చోట కుక్క కావాల్సిందే. ఎంత ఎత్తు పోయిందో, ఎంత దూరం పోయిందో టీవీవాళ్ళు చెప్తారు. అది పోయిన దారిలో ఎవరి రొమ్ము ఉందో చెప్పేవాళ్ళు మాత్రం ఎవరూ కనపడరు. అక్క పొడుగు నార అందులో ఉందో, యాడనో ఒక పశువుల కొట్టం మీద రేకులో ఉందో నాకు ఈ పొద్దుకూ తెలియదు. చిరిగిన గోనెసంచిని కూడా కుట్టి వాడుకునేదాన్ని, చవకగా వస్తాయన్నా ఆ రేకులను నా ఇంటి మీద వేయనీలేదు. బతుకులో చవకను నేను కాదన్నది ఆ ఒక్కసారే.

జేజికి వేసిన ఒట్టు జేజితోనే తీరిపోయింది. తీరినాక అక్క వచ్చి, ఊపిరాడక నా గడప మీద కూర్చొని, అడగనే అడిగింది. ఆ పొద్దు చెప్పని మాట ఇంకా నా రొమ్ములోనే ఉంది. అరగలేదు.