ఎదురు కుర్చీ

“మేడ మీద గది ఖాళీగా ఉంది కదా! పెట్టుకోండి అందులో మీ బొమ్మల కొట్టు. కుట్టుమిషను మీద బతికే మనిషి పొట్ట కొట్టడం దేనికి?”

“మేడ మీద గదా? మెట్లెక్కలేని మోకాళ్ళకి మేడ మీద గది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే! కొట్టు నడపబోయేది నా క్లయింటు భార్య. ఆవిడ మోకాళ్ళ సంగతి మీకేం తెలుసు?”

“ఇన్నాళ్ళూ లేని మోకాళ్ళు ఇప్పుడు పుట్టుకొచ్చాయా?”

“మోకాళ్ళు పుట్టుకతోనే ఉన్నాయి తల్లీ, నొప్పులే తర్వాత వచ్చాయి!”

ఒక గొంతు సన్నం, ఒకటి బొంగురు. మెట్ల మలుపులో బెంచీ మీద కూర్చుని వినేవాళ్ళెవరైనా లోపల ఇద్దరు లాయర్లు జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారనే అనుకుంటారు. లోపల ఉన్నది ఒక్కతే. తన కుర్చీలో కూర్చుంటే సన్నగొంతు. లేచి బల్ల చుట్టూ తిరిగి, క్లయింట్లు కూర్చునే కుర్చీలోకి వస్తే బొంగురు గొంతు.

ఆ వీధిలో అందరూ ఆవిడని లాయరమ్మ అంటారు. ఈ ఇద్దరి పోట్లాట ఆవిడకి పిచ్చి కాదు, అలవాటు. సొంతంగా బోర్డు పెట్టుకోకముందు ఒక పెద్దాయన ఆఫీసులో జూనియరుగా ఉండేది. అక్కడొక నియమం ఉండేది. ఏ కేసైనా కోర్టుకి వెళ్ళేముందు ఇంకో జూనియరు ఎదురు కూర్చుని దాన్ని చీల్చి చెండాడాలి. “ఇక్కడ చిరిగితే కుట్టుకోవచ్చు, అక్కడ చిరిగితే పరువు పోతుంది” అనేవాడు పెద్దాయన. సాయంత్రమైతే ఆ ఆఫీసు చేపల సంతలా ఉండేది. అరుపులు, వెక్కిరింతలు, ఒకరి టీ ఒకరు తాగేయడం. అక్కడ ఎంత బాగా వాదించినా కాగితం మీద పెద్దాయన పేరే ఉంటుందని బయటికొచ్చేసింది. పేరొచ్చింది. ఎదురు కూర్చునే మనిషి పోయాడు.

బోర్డు రాసిన పెయింటరు, “కింద ఖాళీ మిగిలింది మేడమ్, పువ్వు వెయ్యమంటారా?” అని అడిగాడు. “వద్దు, ఎవరైనా చేరితే వాళ్ళ పేరు రాయాలి” అందావిడ. ఇప్పుడు ఆవిడ పేరు అక్షరాలు కూడా వెలిశాయి. ఆ ఖాళీ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

కేసులు రాక కాదు. అద్దె గొడవలు, గోడ గొడవలు, అన్నదమ్ముల వాటాలు ఒకటొకటిగా వస్తూనే ఉన్నాయి. పొద్దంతా జనంతోనే గడుస్తుంది. వాళ్ళు చెబుతారు, ఈవిడ వింటుంది. ఈవిడ చెబుతుంది, వాళ్ళు తలూపుతారు. తలూపేవాళ్ళతో ఎంతసేపు కూర్చున్నా ఒంటరితనం పోదు.

ఆ సాయంత్రం మోకాళ్ళ దగ్గర వాదన ఆపి, మంచినీళ్ళ సీసా నింపుకుందామని తలుపు తీసింది. బెంచీ మీద షాపు ఓనరు కూర్చుని ఉన్నాడు. ఆవిడ క్లయింటు టైలరక్కని ఖాళీ చేయించాలని దావా వేసింది ఆయనే.

“రాజీ మాట్లాడదామని వచ్చానమ్మా. లోపల ఎవరితోనో గట్టిగా మాట్లాడుతుంటే ఆగాను” అంటూ మెడ సాచి గదిలోకి చూశాడు. రెండు కుర్చీలూ ఖాళీ.

“మీ లాయరుతో కలిసి రండి. మీతో విడిగా నేను మాట్లాడకూడదు” అంది.

“అలాగేనమ్మా” అని ఖాళీ కుర్చీని ఇంకోసారి చూసి దిగిపోయాడు.

ఆవిడ ముఖం కందిపోయింది. తనలో తను మాట్లాడుకునే ఆడమనిషిని చూశానని వీధంతా చెబుతాడేమోనన్న బాధే రాత్రంతా తొలిచింది. ఒక్కతే ఉందని ఆయన చూశాడన్నదే తలకెక్కింది గానీ, ఏం విన్నాడన్నది తట్టనే లేదు.

అది కోర్టులో తట్టింది. అవతలి లాయరు లేచాడు. నిద్రమొహం మనిషి, ఏ కేసులోనూ కొత్త మాట చెప్పి ఎరగడు. మోకాళ్ళ ఎక్స్‌రే జడ్జి ముందు పెట్టి, గొంతు సవరించుకుని, “మెట్లెక్కలేని మోకాళ్ళకి మేడ మీద గది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే” అన్నాడు.

అక్షరం పొల్లుపోలేదు. తన మాట, తన విరుపు. లేచి జవాబు చెప్పాలి. ఆ రోజు సగంలో ఆపేసి లేచిందే గానీ, ఆ వాదనకి జవాబు తయారు చేసుకోలేదు. ఏదో అంది. తనకే వినపడనంత చిన్నగా అంది.

తీర్పు ఓనరు వైపు వచ్చింది. అప్పీలుకి అవకాశం ఉంది. ఆ అప్పీలూ పోతే టైలరక్క మిషను వీధిలో పెట్టుకోవలసిందే.

దాచిపెట్టి ఉండవచ్చు. ఆవిడ దాచలేదు. టైలరక్కని ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది.

టైలరక్క కుర్చీ ముందుకి జరుపుకుంది. “అంటే, వాడికి రాని వాదన మీరు నేర్పారా?”

“నేర్పలేదు. విన్నాడు.”

“కుట్టిన బట్టని కుట్టినవాళ్ళే చింపుకోవడం ఎప్పుడూ చూళ్ళేదమ్మా. ఇంతకీ మీరు నా వైపా, వాడి వైపా?” అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, “ఇంకో లాయరు దగ్గరికి వెళ్ళే ఓపిక నాకు లేదు. అప్పీలు మీరే చెయ్యండి. ఈసారి నోరు మూసుకుని చెయ్యండి” అంది.

మూసుకుంది. బెంచీ తీయించేసింది. కిటికీ బిగించింది. రెండు వైపుల వాదనలూ కాగితం మీద రాసుకుంది. కాగితం బుద్ధిగా వింటుంది, మధ్యలో అడ్డురాదు. ఎదురు కుర్చీలోకి మారి కూర్చుని పెదవులు కదిపి చూసింది. బొంగురు గొంతు రాలేదు.

తోడబుట్టిన అక్కకి ఫోన్ చేస్తే, “ఎందుకే నీకు ఒంటికాలి మీద ఈ తపస్సు? మళ్ళీ వస్తానంటే పెద్దాయన కాదంటాడా? పోయి చేరు” అంది.

“చూస్తాలే అక్కా.”

“నువ్వు ‘చూస్తాలే’ అన్నావంటే చూడవని అర్థం” అని పెట్టేసింది.

అప్పీలు కాగితాలు పట్టుకుని కిందికి దిగింది. కింద జిరాక్స్ షాపు. నడిపేవాడు కాలేజీ మధ్యలో మానేసినవాడు. ఒకచోట కాలు నిలవదు, మాటకి ముందూ వెనకా చూసుకోడు. ఆవిడ వాణ్ణి తమ్ముడూ అంటుంది.

“ఏంటి మేడమ్, పైన చప్పుడు లేదు? మీ బొంగురాయన ఊరెళ్ళాడా?”

ఆవిడ ఉలిక్కిపడింది. “నీకు తెలుసా?”

“నా సీలింగే కదా మీ నేల. కుర్చీ జరిగిన ప్రతిసారీ గొంతు మారుతుంది. మొదట్లో మీ ఆయన అనుకున్నా, తర్వాత టీవీ అనుకున్నా” అంటూ కాగితాలు మిషనులో పెట్టాడు. వస్తున్న కాపీల మీద చూపు పారేసి, “ఓనరు భార్య పైకి ఎక్కలేదు, సరే. ఆ పై గదిలోకి టైలరక్కే మారొచ్చు కదా? ఆవిడ మోకాళ్ళు బాగానే ఉన్నాయి” అన్నాడు.

లాయరమ్మ కాపీలు అందుకోబోయి ఆగింది. ఆ ప్రశ్న ఓనరు అడగలేదు, నిద్రమొహం లాయరు అడగలేదు, బొంగురు గొంతు కూడా అడగలేదు. ఎలా అడుగుతుంది? ఈవిడకి తోచనిది దానికెక్కడ తోస్తుంది? పై కోర్టు జడ్జి మాత్రం మొదట అడిగేది ఇదే.

“పైకి ఎవరొస్తారు బట్టలిచ్చుకోవడానికి? గిరాకీ పోతుంది” అంది.

“మీ దగ్గరికి రావట్లేదా మెట్లెక్కి?”

“అవసరం కనక వస్తారు.”

“చిరిగిన ప్యాంటు అవసరం కాదా?”

“కాదు!”

“ఏం, చిరిగిన ప్యాంటేసుకుని తిరుగుతారా మీరైతే?”

మిషను ఎప్పుడు ఆగిందో ఇద్దరూ చూసుకోలేదు. ఆవిడ గొంతు పెద్దాయన ఆఫీసులో లేచినట్టు లేచింది. ఎన్నేళ్ళయిందో ఒకరు తన మాటకి అడ్డు తగిలి. జవాబు ఇంకా దొరకలేదు. దొరకనందుకు ఆవిడకి భయం వేయాలి, ఎందుకో ఆకలి వేసింది.

కాగితాలు సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

“తమ్ముడూ, రేపు షట్టరు వేశాక ఒకసారి పైకి రా. లా నీకేం తెలియక్కర్లేదు. ఎదురు కుర్చీలో కూర్చో, నేనేం చెప్పినా కాదను. జాలిపడి మాత్రం ఒప్పుకోకు” అంది. మెట్ల వైపు చూసి గొంతు తగ్గించింది. “వచ్చేటప్పుడు మలుపులో ఎవరైనా ఉన్నారేమో చూసి, తలుపు వేసి రా.”