గొడుగు మీద బుస

మదనపల్లెలో మా పెరటికి పాముల భయం. ఈశ్వరి తీగ వాసనకు పాము రాదని మా వైపు నమ్మకం. అందుకని అత్త హార్సిలీ కొండ దిగువ నుంచి ఓ తీగ తెచ్చి వెనక గోడకు పాకించింది. అది గోడెక్కిందో లేదో, ఎర్ర ముళ్ళున్న నల్ల పురుగులు ఆకులు మేయసాగాయి. పామే జడిసే ఆకును పురుగు తినడమేమిటని అత్తకు ఒళ్ళు మండి, అన్నిటినీ ఏరి పారేసింది.

ఒక ఆదివారం చర్చికి బయలుదేరుతుంటే వాన. వెనక తలుపుకు తగిలించిన గొడుగు అందుకున్న అత్త "పామే, పాము!" అని అరిచింది. నిజంగానే బుస వినబడింది. తీరా చూస్తే, ఎండుటాకులాంటి ప్యూపా ఒకటి గొడుగు గుడ్డకు దారంతో కట్టుకుని, బుసకొడుతూ మెలికలు తిరుగుతోంది. అత్త చేతికి చిక్కని పురుగే!

"ఇంత లేవు, నన్నే బెదిరిస్తాండావా?" అంటూ అత్త గొడుగును మెల్లగా మళ్ళీ తగిలించి, కొంగు నెత్తిన కప్పుకుని వానలోనే నడిచింది. ఆ తర్వాత దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఒక పొద్దున ఆ ప్యూపాలోంచి అరచేతికంటే పెద్ద సీతాకోకచిలుక వచ్చింది. ముందు రెక్కలు నలుపు, వెనకవి బంగారు పసుపు. కొండల్లోనే అరుదుగా కనబడేది. ఈశ్వరి తీగ మీద తప్ప గుడ్లు పెట్టదని ఫోన్‌లో చూసి చెప్పాను. రెక్కలు ఆరి అది కొండవైపు ఎగిరేదాకా అత్త అక్కడే కూర్చుంది.

మర్నాడు ఇంకో తీగ నాటుతుంటే, "పాములకు ఒకటి చాలదా అత్తా?" అన్నాను.

"పాములకు కాదమ్మా. బిడ్డ కాన్పుకు పుట్టింటికి రాకుండా యాడికి పోతాది?"